వెనుక ఇరుసు అవతలి బరువు: పోర్షే 911 మీద తెగని వాదం

పోర్షే 911 ఇంజిన్ వెనుక ఇరుసుకు అవతల, దాదాపు బంపరును ఆనుకుని ఉంటుంది. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ ప్రదర్శనలో జనం ఆ కారును తొలిసారి చూసినప్పుడూ అక్కడే ఉంది, ఇవాళ షోరూమ్‌లో ఉన్నదానిలోనూ అక్కడే ఉంది. మలుపులు వేగంగా తిరగాల్సిన కారులో అన్నిటికన్నా బరువైన వస్తువును ఎక్కడ పెట్టకూడదని అడిగితే, ఇంజినీరింగ్ విద్యార్థి ఎవరైనా వేలు పెట్టి చూపించేది ఆ చోటే. అయినా 2017 మే నెలలో పది లక్షల సంఖ్యను పూర్తి చేసిన 911 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. రేసుల్లో ఆ కారు గెలిచినన్ని పందేలు గెలిచిన రోడ్డు కార్లు అరుదు.

మరి లెక్క తప్పా, కారు తప్పా? ఈ వాదం అరవై ఏళ్లుగా నడుస్తూ నడుస్తూ చిక్కుపడిపోయింది. ఒకరు ల్యాప్ సమయం చూపిస్తే, మరొకరు వానలో ఘాట్ రోడ్డు మీద దొరికే భరోసా గురించి చెబుతారు. ఇంకొకరు స్టీరింగ్ ద్వారా చేతికి అందే కబురు గురించి మాట్లాడతారు. ఎవరి సాక్ష్యం వారిదే, కానీ విచారణ జరుగుతున్నది ఒకే కేసు మీద కాదు. కాబట్టి ముందు చిక్కు విడదీసి చూడాలి.

లెక్క ఏం చెబుతుంది

మొదట ఒక అపోహ. 911 మొత్తం బరువులో 60 శాతం పైచిలుకు వెనుక చక్రాల మీద పడుతుంది. విమర్శకులు ఎప్పుడూ ఎత్తిచూపే అంకె ఇదే. అయితే 2020 మోడల్‌గా వచ్చిన మిడ్ ఇంజిన్ షెవర్లే కోర్వెట్‌లో కూడా వెనుక పడే భారం దాదాపు 60 శాతమే. అసలు తేడా ఈ శాతంలో లేదు, ఆ బరువు కారు నడిమికి ఎంత దూరాన ఉందన్నదానిలో ఉంది. మూటను భుజానికి హత్తుకుని మోసేవాడు గిరుక్కున తిరగగలడు. అదే బరువును కావడి కొసలకు వేలాడదీసుకున్నవాడికి తిరగడం మొదలుపెట్టడమూ కష్టమే, మొదలైన తిరుగుడును ఆపడమూ కష్టమే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో జడత్వ భ్రామకం పేరుతో చదువుకున్నది ఇదే. మిడ్ ఇంజిన్ కారులో ఇంజిన్ డ్రైవరు వీపుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఇమిడిపోతుంది. 911లో ఇరుసు దాటి అవతలికి పోతుంది.

పాత 911లకు చెడ్డపేరు తెచ్చిన ప్రవర్తన ఇక్కడినుంచే పుట్టింది. మలుపులోకి కాస్త ఎక్కువ వేగంతో వెళ్లిన డ్రైవరు మధ్యలో జంకి యాక్సిలరేటర్ మీది కాలు తీసేస్తాడు. భారం ముందు చక్రాల మీదికి జారుతుంది, వెనుక టైర్లు తేలికై పట్టు సడలుతుంది. సరిగ్గా అప్పుడే తోకలోని ఇంజిన్ తిన్నగా, అంటే మలుపు బయటి వైపుకి పోవాలని చూస్తుంది. కారు వెనుక భాగం ముందుభాగాన్ని దాటేస్తుంది. భయపడినవాడు సహజంగా చేసే పనే ప్రమాదాన్ని తెచ్చిపెట్టడం ఈ అమరిక మీద ఉన్న అతి పెద్ద ఆరోపణ. ఇది ఇప్పటిదాకా ఎవరూ కొట్టిపారేయని ఆరోపణ కూడా.

జమ వైపు రాయాల్సినవీ తక్కువేం లేవు. తోలే చక్రాల మీదే బరువు ఉంది కాబట్టి మలుపు నుంచి బయటపడేటప్పుడు టైర్లు ఊరికే గిర్రున తిరగకుండా రోడ్డును పట్టుకుని తోస్తాయి. గట్టిగా బ్రేకు వేస్తే ఏ కారులోనైనా భారం ముందుకు దొర్లుతుంది. ముందు ఇంజిన్ కారులో అప్పటికే బరువు మోస్తున్న ముందు టైర్ల మీద ఇంకా భారం పడుతుంది, వెనుక బ్రేకులు దాదాపు పని లేకుండా మిగిలిపోతాయి. 911లో నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి. మూడోది స్థలం. ఇంజిన్ తోకలోకి పోయింది కనుక చిన్న కారులోనే వెనుక రెండు బుల్లి సీట్లు పట్టాయి. మన ఆటోరిక్షాలోనూ, హైదరాబాద్–విజయవాడ మధ్య తిరిగిన గరుడ వోల్వో బస్సుల్లోనూ ఇంజిన్ వెనక్కి పోవడానికి కారణం వేగం కాదు, మనుషులకు చోటు. 911కు కూడా ఈ అమరిక ఆ దారినే వచ్చిందని చరిత్ర చెబుతుంది.

పుట్టుక

1930ల్లో మధ్య యూరప్‌లో వెనుక ఇంజిన్ ఆధునికతకు గుర్తు. 1934లో హాన్స్ లెడ్‌వింకా బృందం టాట్రా 77ను తెచ్చింది. వెనుక గాలితో చల్లబడే వీ8 ఇంజిన్, చేప ఆకారంలో దేహం. ముందు నుంచి వెనక్కి పొడవాటి ఇనుప షాఫ్టు అక్కర్లేదు, లోపల నేల చదును. ఫెర్డినాండ్ పోర్షే ఫోక్స్‌వాగన్‌లోనూ అదే దారి పట్టాడు. విశేషమేమిటంటే అదే పోర్షే అదే దశకంలో ఆటో యూనియన్ కోసం గీసిన గ్రాండ్ ప్రి కారులో మాత్రం ఇంజిన్‌ను వెనుక ఇరుసుకు ముందే పెట్టాడు. జనం కారుకు ఒక లెక్క, పందెం కారుకు ఇంకో లెక్క.

కొడుకు ఫెర్రీ పోర్షే 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్‌లో తయారు చేయించిన మొట్టమొదటి 356 కూడా మిడ్ ఇంజిన్ కారే. అమ్మకానికి చేసిన 356లకు వచ్చేసరికి సీట్ల వెనక చోటు కోసం ఇంజిన్‌ను ఇరుసు వెనక్కి నెట్టారు. 911 దాని వారసురాలు. ఇది వేగం కోసం కనిపెట్టిన సిద్ధాంతమని నమ్మే అభిమానులు తరచూ మరిచిపోయే సంగతి ఇది. అది మొదటి నుంచీ ఒక రాజీ.

రాజీకి ధర వెంటనే చెల్లించాల్సి వచ్చింది. తొలి 911లో రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,211 మిల్లీమీటర్లు. తోక విసురు ఎంత ఇబ్బంది పెట్టిందంటే, ముందు బంపరు రెండు మూలల్లో పదకొండేసి కిలోల ఇనుప దిమ్మలు దాచి సర్దుబాటు చేశారు. స్పోర్ట్స్ కారుకు కావాలని బరువు కలపడం! 1969 మోడల్ నాటికి కాస్త గౌరవమైన మందు దొరికింది. వెనుక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు, ఒక పెద్ద బ్యాటరీ బదులు రెండు చిన్నవి ముందు మూలల్లో పెట్టారు, ఇంజిన్ గుల్లను మెగ్నీషియంతో పోతపోసి తోకను తేలిక చేశారు.

అదే కాలంలో అమెరికాలో ఈ వాదం కోర్టులకూ చట్టసభకూ ఎక్కింది. వెనుక ఇంజిన్ షెవర్లే కోర్వేర్‌ను రాల్ఫ్ నేడర్ 1965లో తన పుస్తకంలో తూర్పారబట్టాడు. 1972లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ విడుదల చేసిన నివేదిక మాత్రం తొలి కోర్వేర్‌ల ప్రవర్తన సమకాలీన కార్లతో పోల్చదగినదేనని తేల్చింది. అప్పటికి ఆ కారు తయారీ ఆగి మూడేళ్లయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోర్వేర్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇంజిన్ చోటుకన్నా దాని ఊగే ఇరుసుల నిర్మాణానికి చెందినవి. ఈ రెంటినీ కలిపేయడం అప్పటినుంచీ ఈ చర్చకు పట్టిన జబ్బు.

కంపెనీ లోపలే రెండు శిబిరాలు

1970ల్లో పోర్షే అధిపతి ఎర్న్‌స్ట్ ఫూర్‌మన్‌కు 911 ముసలిదైపోయిందనిపించింది. 1977లో వచ్చిన 928 ఆయన జవాబు. ముందు వీ8 ఇంజిన్, వెనుక గేరుబాక్సు, బరువు రెండు ఇరుసుల మీద దాదాపు సమానం. కాలు తీసినప్పుడు వెనుక చక్రాలు బయటికి తిరగకుండా లోపలికి సర్దుకునే వైసాక్ ఇరుసు కూడా దానితోనే వచ్చింది. 911 మీద ఉన్న ప్రతి ఫిర్యాదుకూ అది గీతల కాగితం మీద ఇచ్చిన సమాధానం. 1978లో యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ బిరుదు కూడా గెలిచింది. కొనేవాళ్లు మాత్రం 911నే కొన్నారు.

1981లో పీటర్ షుట్జ్ పగ్గాలు చేపట్టాడు. ఇంజినీరింగ్ అధిపతి హెల్ముట్ బోట్ గదిలోని చార్టు మీద 911 గీత ఆ ఏడాదితో ఆగిపోయి ఉంటే, షుట్జ్ మార్కర్ తీసుకుని దాన్ని చార్టు దాటించి గోడ మీదికి పొడిగించిన కథను ఆయనే చాలాసార్లు చెప్పాడు. 928 తయారీ 1995లో ఆగింది. ఈ కథను వెనుక ఇంజిన్ గెలిచిన కథగా చెప్పడం ఆనవాయితీ. నా దృష్టిలో అది అమ్మకాల గెలుపు, ఇంజినీరింగ్ తీర్పు కాదు. 928 తప్పు కారని ఎవరూ నిరూపించలేదు. పైగా 911కు పునర్జన్మ ఇచ్చిన రెండు మోడళ్లు, 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7, ఆ తర్వాతి టర్బో, ఫూర్‌మన్ హయాంలోనే వచ్చాయి.

దిద్దుబాట్ల పరంపర

ఈ చరిత్రలో నిజంగా చదవదగ్గ భాగం ఇదే. 911 ఇంజిన్‌ను కదల్చకుండా, దాని చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ కదిల్చారు.

కరేరా ఆర్‌ఎస్ 2.7 వెనుక బాతు తోకలా లేచిన స్పాయిలర్ అలంకారం కాదు. 911 వంపు తిరిగిన వీపు వేగంలో విమానం రెక్కలా పైకి లేవాలని చూసేది, అప్పటికే తేలికగా ఉన్న ముక్కు, జారే తోక రెండూ కలిసి హైవే మీద భయపెట్టేవి. ఆ కారుకే వెనుక టైర్లు ముందువాటికన్నా వెడల్పుగా అమర్చారు. రేసు నిబంధనల కోసం 500 అమ్మితే చాలనుకున్నవి 1,580 అమ్ముడుపోయాయి.

1974లో పారిస్‌లో చూపించిన టర్బో 260 హార్స్‌పవర్‌తో వచ్చి పాత గాయాన్ని మళ్లీ రేపింది. ఆనాటి టర్బో ఒత్తిడి పెరగడానికి సమయం తీసుకుని, తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడేది. అది మలుపు మధ్యలో జరిగితే డ్రైవరు ఉలిక్కిపడి కాలు తీస్తాడు, తీస్తే ఏమవుతుందో పైన చూశాం. ఆ కారుకు పెళ్లాలను విధవరాళ్లను చేసేదన్న మారుపేరు ఊరికే రాలేదు.

1989 మోడల్‌గా వచ్చిన 964 తరం 911తో టోర్షన్ బార్ల స్థానంలో కాయిల్ స్ప్రింగులు, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, నాలుగు చక్రాలకూ శక్తి వచ్చాయి. 1993లో వచ్చిన 993 వెనుక మల్టీలింక్ సస్పెన్షన్ పెట్టింది. కాలు తీసినా వెనుక చక్రాలు క్రమశిక్షణ తప్పని గుణం, పదహారేళ్ల కిందట 928 చూపించిన గుణం, అప్పుడు 911కు వంటబట్టింది. నా లెక్కలో ఈ కారు చరిత్రను రెండుగా చీల్చే గీత ఇదే. మామూలుగా ఆ గౌరవం 1997లో 996తో వచ్చిన నీటి చల్లదనానికి ఇస్తారు. గాలి ఇంజిన్ పోయినందుకు అభిమానులు ఇప్పటికీ కన్నీళ్లు పెడతారు గానీ, సిలిండరుకు నాలుగు వాల్వులు, కాలుష్య, శబ్ద నిబంధనలు కలిసి వచ్చాక వేరే దారి మిగల్లేదు. మలుపులో కారు ప్రవర్తనకు దానితో సంబంధం తక్కువ.

ఆ తర్వాత వచ్చినవి వరుసగా స్టెబిలిటీ కంట్రోల్, 2013 జీటీ3లో వేగాన్ని బట్టి వెనుక చక్రాలు కూడా తిరిగే ఏర్పాటు, 2021 జీటీ3లో ముందు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. అన్నిటికన్నా నిశ్శబ్దంగా జరిగిన మార్పు ఇరుసుల మధ్య దూరం. తొలి కారులో 2,211 మిల్లీమీటర్లున్నది 996లో 2,350కి, 2011లో వచ్చిన 991లో 2,450కి పెరిగింది. ఇంజిన్ ముందుకు రాలేదు, చక్రాలే దాని దగ్గరికి నడిచి వెళ్లాయి.

ఇంత దిద్దుబాటు అవసరమైందంటే మూలం తప్పని కాదా? ఒక శిబిరం వాదన అదే. బలమైన వాదనే. అవతలి శిబిరం జవాబు, ప్రతి కారూ దిద్దుబాట్ల మూటే, 911కు అదనంగా దొరికింది ఒకే సమస్య మీద తరతరాలు పనిచేసే అవకాశం అని. ఇదీ నిజమే. అయితే ఈ జవాబు ఆ కంపెనీ ఓపికను మెచ్చుకుంటుంది గానీ అమరికను సమర్థించదు.

ఎదుటి పక్షాలు

మిడ్ ఇంజిన్ పక్షానికి చరిత్ర అండ గట్టిగా ఉంది. 1958లో స్టిర్లింగ్ మాస్ చిన్న కూపర్ కారుతో అర్జెంటీనా గ్రాండ్ ప్రి గెలిచాడు, మరుసటి ఏడాది జాక్ బ్రాభమ్ అదే కంపెనీ కారుతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1960 తర్వాత ముందు ఇంజిన్ కారు ఫార్ములా వన్ చాంపియన్‌షిప్ పందెం ఒక్కటీ గెలవలేదు. 1966లో లంబోర్గిని మియూరా ఆ అమరికను ధనికుల రోడ్డు మీదికి తెచ్చింది. 1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ దాన్ని రోజువారీ వాడకానికి పనికొచ్చేలా మలిచింది. దశాబ్దాల పాటు ముందు ఇంజిన్‌కు కట్టుబడిన కోర్వెట్ కూడా చివరికి 2019లో ఇటే మళ్లింది.

ముందు ఇంజిన్ పక్షం గొంతు చిన్నదే అయినా దానికీ ఒక మంచి సాక్షి ఉంది. పన్నెండు సిలిండర్ల పెద్ద కార్లలో చాలా ఏళ్లు మిడ్ ఇంజిన్ వాడిన ఫెరారీ 1996లో 550 మరనెల్లోతో ఇంజిన్‌ను మళ్లీ ముందుకు తెచ్చింది. పొడవైన ఇంజిన్‌ను మనుషుల వెనక ఇరికించడానికి చెల్లించే ధర తగ్గని చోట ఆ నిర్ణయం తెలివైనదే.

పక్కపక్కన పెట్టి చూస్తే, మలుపులోకి తిరగడంలోనూ గాలి ఒత్తిడిని కారు కిందినుంచి రాబట్టడంలోనూ మిడ్ ఇంజిన్ ముందుంటుంది, సామాను దగ్గరా వెనుక చూపు దగ్గరా ఓడిపోతుంది. ముందు ఇంజిన్ దూర ప్రయాణానికి హాయి, మలుపు నుంచి బయటికి దూసుకుపోవడంలో వెనకబాటు. వెనుక ఇంజిన్ బ్రేకులోనూ బయటికి దూకడంలోనూ బలం, మలుపు లోపల తడబాటు. పోర్షే శిక్షకులు చెప్పే పాఠం కూడా ఈ స్వభావం నుంచే వచ్చింది: మలుపులోకి నెమ్మదిగా పోయి, వేగంగా బయటపడమని.

పందెం మైదానం ఇచ్చే సాక్ష్యం

911 అభిమానులు గెలుపుల జాబితా చదువుతారు. అందులో గొప్పది 1979 లె మాన్. ఆ ఏడాది వర్షంలో 911 నుంచి పుట్టిన 935, ఇంజిన్ వెనుకే ఉంచుకుని, మొత్తం పందెంలో మొదటి స్థానంలో వచ్చింది. కానీ అదే కంపెనీ పందెం కోసమే గీసిన కార్లు, 1953 నాటి 550 నుంచి 904, 917, 956 దాకా, అన్నీ మిడ్ ఇంజిన్‌వే. 1998లో లె మాన్ గెలిచిన కారు పేరులో 911 ఉన్నా దాని ఇంజిన్ ఇరుసుకు ముందే ఉంది.

2017 సీజన్ కోసం 911 ఆర్‌ఎస్‌ఆర్ రేసు కారు ఇంజిన్‌ను కూడా వెనుక ఇరుసుకు ముందుకు తిప్పిపెట్టారు. కారణాల్లో ముఖ్యమైనది గాలి. రేసు కారు వెనుక అడుగుభాగంలో ఏటవాలుగా పైకి లేచే డిఫ్యూజర్ కారును నేలకు అదిమిపడుతుంది. 911లో సరిగ్గా ఆ చోటును ఇంజిన్ ఆక్రమించింది. వెనుక టైర్ల అరుగుదల కూడా తగ్గాలనుకున్నారు. మరుసటి ఏడాది లె మాన్‌లో తన తరగతిని ఆ కారు గెలిచింది. వెనుక ఇంజిన్ పక్షం ఈ మార్పును చూసీ చూడనట్లు దాటేస్తుంది. నిజాయితీగా చర్చించాలంటే దాటకూడదు. నిబంధనలు అనుమతించిన చోట, ఒక్క సెకనులో వంతు కోసం పోరాడే చోట, ఆ కంపెనీయే ఇంజిన్‌ను ముందుకు జరిపింది.

గడియారం ఏం తేల్చింది

ఇక నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీది ల్యాప్ సమయాలు. ఈ వాదంలో అందరూ విసిరేవీ, ఎవరూ సరిగా చదవనివీ ఇవే. ఒకే కంపెనీ, దాదాపు ఒకే ఇంజిన్, రెండు అమరికలు ఉన్న అరుదైన జత ఒకటి దొరుకుతుంది. 20.832 కిలోమీటర్ల పూర్తి చుట్టును 510 హార్స్‌పవర్ 911 జీటీ3 6 నిమిషాల 59.927 సెకన్లలో ముగించింది. 500 హార్స్‌పవర్ మిడ్ ఇంజిన్ 718 కేమన్ జీటీ4 ఆర్‌ఎస్‌కు 7 నిమిషాల 9.3 సెకన్లు పట్టింది. వెనుక ఇంజిన్ గెలిచినట్టేనా? కాదు. జీటీ3కి ముందు డబుల్ విష్‌బోన్‌లున్నాయి, వెనుక చక్రాలు తిరుగుతాయి, టైర్లు వెడల్పు. కేమన్‌కు అవేమీ ఇవ్వలేదు. డ్రైవర్లు కూడా వేరు. కంపెనీ కేమన్‌ను కావాలనే 911 కింద ఉంచుతోందన్న పాత అనుమానానికి ఈ తేడాలు బలమిస్తాయే తప్ప, ఇంజిన్ చోటు గురించి ఏమీ చెప్పవు.

2022లో 911 జీటీ3 ఆర్‌ఎస్ అదే చుట్టును 6 నిమిషాల 49.328 సెకన్లకు దించింది. హార్స్‌పవర్ 525 మాత్రమే. తేడా తెచ్చింది గాలి. గంటకు 285 కిలోమీటర్ల వేగంలో 860 కిలోల ఒత్తిడి ఆ కారును నేలకు అదిమిపెడుతుంది. ఇందులో వెనుక ఇంజిన్ పక్షం ఇంకా గట్టిగా చెప్పుకోని ఒక లాభం దాగి ఉంది. ముక్కులో ఇంజిన్ లేదు కాబట్టి సామాను అర తీసేసి, అక్కడ ఒకే పెద్ద రేడియేటర్‌ను ఏటవాలుగా పెట్టి, ముందు వైపు గాలిని ఇష్టమొచ్చినట్టు మళ్లించగలిగారు. ఇరుసు వెనక ఇంజిన్ డిఫ్యూజర్‌ను మింగేస్తే, ఖాళీ ముక్కు కొంత తిరిగి ఇచ్చింది.

ఇంకా తేలనివి

టైర్లూ ఎలక్ట్రానిక్సూ ఇంజిన్ చోటును అప్రస్తుతం చేశాయన్న వాదన ఈ మధ్య ఫ్యాషన్. అది సగమే నిజం. ఎలక్ట్రానిక్స్ జారుడును అణచగలవు, జడత్వాన్ని కరిగించలేవు. ఆధునిక 911 తడి రోడ్డు మీద భయపెట్టకపోవడానికి మొదటి కారణం సస్పెన్షన్ జ్యామితి, ఆ తర్వాతే కంప్యూటర్. ఏది ఎంత చేసిందో విడదీసి చూపే కొలత మాత్రం ఇప్పటిదాకా బయటికి రాలేదు.

అనుభూతి గురించిన వాదం ఇంకా కష్టం. తేలికైన ముందు చక్రాల వల్ల పాత 911 స్టీరింగ్ రోడ్డు ప్రతి గతుకునూ చేతికి చెప్పేదని అభిమానుల మాట. 2011లో 991కు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ వచ్చినప్పుడు ఆ కబురు మూగబోయిందని గగ్గోలు పుట్టింది. చేతి గేరుతో 2016లో 991 కార్లు మాత్రమే చేసిన 911 ఆర్‌కు ఎగబడటం ఆ గగ్గోలుకు బజారు ఇచ్చిన జవాబు. కానీ ఇరుసు వెనక ఇంజిన్ లేకపోతే ఆ అనుభూతి రాదా, తేలికైన చిన్న కారు ఏదైనా ఇవ్వగలదా? ఈ ప్రశ్నను ఎవరూ సూటిగా ఎదుర్కోలేదు. బరువు మాత్రం కళ్లకు కనిపిస్తోంది. తొలి 911 సుమారు 1,080 కిలోలు, 2024లో వచ్చిన కరేరా జీటీఎస్ హైబ్రిడ్ 1,595 కిలోలు.

ఆ హైబ్రిడ్ చర్చను కొత్త మలుపు తిప్పింది. 3.6 లీటర్ల ఇంజిన్‌కు విద్యుత్ మోటారు తిప్పే టర్బో, గేరుబాక్సులో ఇంకో మోటారు కలిసి 541 హార్స్‌పవర్ ఇస్తాయి. టర్బో ఆలస్యం, 1974 నాటి ఆ పాత శత్రువు, దాదాపు మాయమైంది. 27 కిలోల అధిక వోల్టేజీ బ్యాటరీని ముందు వైపు పెట్టారు. తోక బరువుకు ముక్కులో ఎదురు తూకం వేసే ఆ పద్ధతి మాత్రం పాతదే. బ్యాటరీలు పెరిగే కొద్దీ బరువును ఎక్కడ కావాలంటే అక్కడ సర్దే స్వేచ్ఛ పెరుగుతుంది, మొత్తం బరువూ పెరుగుతుంది. ఏది గెలుస్తుందో చెప్పడానికి ఇంకా రెండు మూడు తరాల కార్లు రావాలి.

స్థలం వాదం కూడా కదిలిపోతోంది. 1948లో ఇంజిన్‌ను ఇరుసు వెనక్కి నెట్టింది సీట్ల వెనక చోటు కోసం. 2024లో మార్చిన 911 కూపేలు మామూలుగా రెండు సీట్లతోనే వస్తున్నాయి, వెనుక సీట్లు కావాలంటే అడగాలి, అదనపు ధర లేదు. అడిగేవాళ్లు ఇంకా ఉన్నంతకాలం ఈ అమరికకు దాని పుట్టుకనాటి కారణం ఒకటైనా మిగిలి ఉంటుంది. అడగడం మానేసిన రోజున, డిఫ్యూజర్ చోటును ఎందుకు వదులుకుంటున్నామన్న ప్రశ్నకు పోర్షే ఇంజినీర్లు రోడ్డు కారు విషయంలో కూడా జవాబు వెతకాల్సి వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌తో వాళ్లు ఇప్పటికే ఒక జవాబు రాసి ఉంచారు.